ఖాళీ డొల్లల లెక్క: మా చేను మిత్ర పురుగుల డైరీ

జులై 7, ఆదివారం

పోయిన యాసంగిలో మా చిన్నాయన కుసుమ చేనులో జరిగిన ఒక సంగతి నన్ను వదలడం లేదు. సంక్రాంతికి ముందు కొమ్మకొమ్మకూ నల్ల పేనుబంక, అంటే మొక్కల రసం పీల్చే సన్న పురుగు, పట్టింది. దాని వెనకే, దాన్ని తినే అక్షింతల పురుగులు (లేడీబర్డ్ బీటిల్స్) దిగాయి. చేనులో నడుస్తుంటే భుజాల మీద వచ్చి వాలేవి. మూడు వారాలు తిరగకుండానే అన్నీ మాయమయ్యాయి. పేనుబంక ఇంకా అక్కడక్కడా ఉంది, తినేవాళ్లే లేరు. సరిగ్గా ఆ వారమే పక్క చేను అన్న మందు కొట్టాడు. "వాడు గొట్టిన మందు గాలికి ఇటు మళ్లింది, మన పురుగులన్ని సచ్చినయ్" అని చిన్నాయన తేల్చేశాడు. గట్టు దగ్గర రెండు మాటలు కూడా పడ్డాయి. అప్పటి నుంచి ఇద్దరికీ పలకరింపుల్లేవు.

చిన్నాయన మాట నిజమే కావచ్చు. కానీ మందుకు చస్తే నేల మీద కొన్నైనా కనపడాలి కదా. ఆ రోజు నేను వంగి చూసినంత మేర ఒక్కటీ కనపడలేదు. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పేదాన్ని, ఊహ మీద మాట్లాడటం నాకే నచ్చలేదు. అందుకే ఈసారి వానకాలం నుంచే లెక్క పెడుతున్నాను.

చేను వికారాబాద్ జిల్లాలో, తాండూరు వైపు నల్లరేగడి. ఎకరంన్నర పత్తి ఉంది. ఎకరం తెల్ల జొన్నకు, అరెకరం కుసుమకు వదిలిపెట్టారు, దసరా అటూ ఇటుగా వేస్తారు. గట్టు పొడవునా బొబ్బర్లు. ప్రతి ఆదివారం పొద్దున 7 నుంచి 9 దాకా, అయిదు చోట్ల ఆరేసి మొక్కలు, మొత్తం 30. ప్రతి మొక్కకూ పైన, నడుమ, కింద ఒక్కో ఆకు తిరగేసి చూడాలి. పుస్తకంలో గళ్లు గీశాను: పేనుబంక, అక్షింతల గుడ్లు, పిల్ల పురుగులు, ప్యూపాలు (పిల్ల పెద్ద పురుగుగా మారే దశ), ఖాళీ డొల్లలు, పెద్ద పురుగులు. మిగతా మిత్రులకు, అంటే అల్లిక రెక్కల పురుగుకూ సిర్ఫిడ్ ఈగకూ సాలీళ్లకూ వేరే పేజీ.

ఖాళీ డొల్ల అంటే ప్యూపా పెంకు, ఒక అక్షింత పుట్టి ఎగిరిపోయినట్టు లెక్క. ఒకే డొల్లను రెండు వారాలు లెక్కించకుండా, కనపడినదాన్ని అక్కడికక్కడే ఊడదీసి, టేపు వేసి పుస్తకంలోనే అంటించేస్తున్నాను.

జులై 21

ముందు పేర్ల చిక్కు తీర్చుకోవాల్సి వచ్చింది. మా చిన్నమ్మకు అక్షింతల పురుగు అంటే పెరట్లో వంకాయ ఆకును జల్లెడ చేసే ఎపిలాక్నా. పత్తిలో దొరికినవాటిని చూసి నేను సంబరపడుతుంటే, "గవి పాడు పురుగులు బిడ్డా, నలిపెయ్యి" అంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించాను. ఎపిలాక్నా ఒళ్లు మసకగా ఉంటుంది, వెలుగులో పట్టి చూస్తే సన్నటి నూగు. దాని పిల్ల పసుపురంగు, ఒళ్లంతా కొమ్మలు చీలిన ముళ్లు. పేనును తినే అక్షింత మాత్రం నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. దాని పిల్ల నల్లగా బూడిదగా, చిన్న మొసలిలా పొడుగ్గా ఉండి చకచకా పరుగెడుతుంది. చిన్నమ్మ కాసేపు చూసి, "అయితే ఇన్నేండ్లు రెండిట్నీ సంపినం" అంది.

నాకు సాయం వచ్చే పిల్లలిద్దరూ ఇంకో పొరపాటు చేశారు. గట్టు మీది వయ్యారిభామ మొక్కల నుంచి గీతల పెంకు పురుగుల్ని ఏరుకొచ్చి అక్షింతల గడిలో వేశారు. అది జైగోగ్రామా. ఆ కలుపునే తినిపించడానికి మెక్సికో నుంచి తెప్పించి, 1984లో బెంగళూరు దగ్గర వదిలిన పురుగు. మంచిదే, కానీ పేనుబంక జోలికి పోదు. కొట్టేసి మళ్లీ రాశాం.

ఆగస్టు 11

పత్తిలో పేనుబంక పెరిగింది. లేత ఆకులు కిందికి ముడుచుకున్నాయి, కింది ఆకుల మీద బంక మెరుస్తోంది, చీమలు బారులు కట్టాయి. ఇప్పటిదాకా చెదురుమదురుగా ఉన్న అక్షింతలు ఈ వారం గుంపులయ్యాయి. ఎక్కువ కనపడేది నారింజ ఒంటి మీద నల్లటి వంకర గీతలున్నది, కీలోమినస్ సెక్స్‌మాక్యులేటా. 30 మొక్కల్లో 6 పెద్దవి, 19 పిల్లలు, 8 ప్యూపాలు.

ఈ ప్యూపాను చూస్తే ముచ్చటేస్తుంది. పట్టుపురుగులా గూడు అల్లుకోదు. తోక కొసను ఆకుకు అతికించుకుని, ఆచ్ఛాదన ఏమీ లేకుండా ముడుచుకుని కూర్చుంటుంది. గోటితో మెల్లగా తాకితే టక్కున లేచి నిలబడి మళ్లీ పడుకుంటుంది. "దండం పెడుతోంది మేడం" అన్నారు పిల్లలు. ఆ దండం పెట్టడం దాని కాపుదల. మీద వాలబోయే చిన్న శత్రువును విదిలించడానికే. ఆ శత్రువు ఎవరో అప్పటికి నేను పుస్తకంలో చదివానే గానీ కళ్లతో చూడలేదు.

సెప్టెంబరు 1

నిన్నటి నుంచి ముసురు. పొలంలోకి పోలేకపోయాను.

సెప్టెంబరు 15

వానకు పేనుబంక చాలావరకు కొట్టుకుపోయింది. అక్షింతలూ తగ్గాయి. తిండి లేని చోట అవి ఉండవు.

పక్క చేను అన్న ఈ వారం పత్తికి మందు కొట్టాడు. అతని గట్టు వైపున్న మూడు సాళ్లలో విడిగా లెక్కేశాను. అక్కడ పిల్ల పురుగు ఒక్కటీ లేదు. నేల మీద చచ్చిన అక్షింతలు రెండు, చీమలు చాలా. లోపలి సాళ్లలో తేడా లేదు. కాబట్టి మందు గాలికి వస్తుంది, చంపుతుంది, చంపినవి కనపడతాయి కూడా. ఇది గుర్తుపెట్టుకోవాలి.

పెంపకం మొదలుపెట్టి దెబ్బతిన్నాను. స్వీటు షాపు డబ్బాలో 12 పిల్ల పురుగులు వేసి, పేను పట్టిన పత్తి ఆకులు పెట్టి, మూతకు పల్చటి బట్ట కట్టాను. మూడో రోజుకు 4 మిగిలాయి. వాటిలో ఒకటి ఇంకోదాన్ని నడుం దగ్గర పట్టుకుని పీలుస్తోంది. తిండి కాస్త తగ్గితే చాలు, తోబుట్టువునైనా తినేస్తాయి. అక్కడితో ఉమ్మడి కాపురం బందు. ల్యాబులో పక్కన పడేసిన పరీక్షనాళికలు కడిగి తెచ్చాను. నాళికకు ఒకటే పురుగు, దూది బిరడా, మీద తేదీ, ఏ మొక్క నుంచి తెచ్చామో చీటీ. ఈ పని విసుగనిపించినా చేసి తీరాలి. పురుగు లోపల ఇంకేదైనా పెరుగుతుంటే అది బయటికొచ్చినప్పుడు ఎవరి ఒంట్లోంచి వచ్చిందో చెప్పగలిగేది ఆ చీటీయే.

అక్టోబరు 6

"గిదేంది, ఆకుకు ఎంటికలు మొలిచినయ్?" అని చిన్నాయన పత్తి ఆకు తెంపుకొచ్చాడు. అవి అల్లిక రెక్కల పురుగు గుడ్లు. ఒక్కో గుడ్డును దారం లాంటి సన్నటి కాడ చివర నిలబెడుతుంది. చీమలకూ, ముందు పుట్టే తన పిల్లలకూ అందకుండా. పిల్లలు కొడవళ్ల లాంటి కోరలతో పేనును పొడిచి రసం తాగుతాయి. మన చేలల్లో ఉండే క్రైసోపెర్లాలో పెద్ద పురుగు మాత్రం మకరందం, పుప్పొడి, పేను వదిలే బంకతో సరిపెట్టుకుంటుంది.

గుడ్లున్న ఆకులు కొన్ని తెచ్చి భూతద్దంతో చూశాను. పెట్టినప్పుడు లేత ఆకుపచ్చ, పిల్ల అయ్యేముందు బూడిదరంగు, పిల్ల పోయాక తెల్లటి పొర. అయితే ఈ 22 గుడ్లలో 5 మాత్రం బొగ్గులా నల్లబడ్డాయి. కుళ్లాయనుకుని పారేయబోయాను. ఎందుకో ఒక నాళికలో వేసి ఉంచాను.

అక్టోబరు 13

నల్ల గుడ్లలో మూడింటి నుంచి కందిరీగలు వచ్చాయి. కందిరీగలంటే తేనెతుట్టె పక్కన తిరిగేవి అనుకోకండి. ఆవగింజలో నాలుగో వంతు కూడా లేవు, తెల్ల కాగితం మీద చుక్క కదులుతున్నట్టుంది. దసరా సెలవులకు ఊరికొచ్చిన కీటకశాస్త్రం చదివే మా సీనియర్ అక్కకు చూపిస్తే టెలినోమస్ జాతి అంది. ఆ గుడ్డులో పెరగాల్సిన పిల్లను లోపలే తినేసి, దాని గుడ్డు పెంకునే ఇల్లుగా చేసుకుని పెరిగాయి.

వ్యవసాయ పుస్తకాల్లో వీటిని బదనికలు అంటారు. మామిడి చెట్టు మీద బదనిక చూసినవాళ్లకు ఆ పోలిక వెంటనే తడుతుంది. కాకపోతే మామిడి బదనిక చెట్టును ఏళ్లతరబడి పీలుస్తూ బతకనిస్తుంది. ఈ బదనిక తనకు ఇల్లిచ్చినదాన్ని చివరికి చంపకుండా వదలదు, ఎప్పుడో తప్ప.

పురుగుమందుల బదులు వదిలే ట్రైకోగ్రామా కూడా ఇదే పని చేసే బదనిక. అది శనగపచ్చ పురుగు గుడ్డులో పడితే మనకు మిత్రుడు. ఇది అల్లిక రెక్కల పురుగు గుడ్డులో పడింది, మరి దీన్నేమనాలి? పుస్తకంలో శత్రువుల పేజీలో రాయాలో మిత్రుల పేజీలో రాయాలో తేలక, మూడో పేజీ తెరిచాను.

నవంబరు 10

జొన్న మోకాలెత్తు. కుసుమ మొలిచి నేలకు పరుచుకుని ఉంది. ఈ నెల మొత్తం కథ బొబ్బర్ల గట్టు మీద నడిచింది. నల్లటి పేను కాడల్ని కప్పేసింది. పత్తి ముదిరి అక్కడ తిండి తగ్గగానే అక్షింతలన్నీ గట్టెక్కాయి. ఈ గట్టు లేకపోతే అవి యాసంగి పైరు దాకా ఎక్కడ ఉండేవో. పోయినేడు చిన్నాయన బొబ్బర్లు దండగ అన్నాడు, ఈసారి అనడం లేదు.

సిర్ఫిడ్ ఈగలు ఇప్పుడే వచ్చాయి. గాలిలో ఒక్కచోట నిలబడి రెక్కలాడించే పసుపు చారల ఈగను తేనెటీగ అనుకుంటారు. దాని పిల్లకు కాళ్లూ లేవు, కళ్లూ లేవు. ఆకు మీద జెలగలా పాకుతూ తల అటూ ఇటూ ఊపుతుంది, తగిలిన పేనును పట్టి పైకెత్తి పీల్చి పారేస్తుంది. ప్యూపా కన్నీటి బొట్టు ఆకారంలో ఆకుకు అతుక్కుని ఉంటుంది.

16 ప్యూపాలు తెచ్చి నాళికల్లో పెట్టాను. 9 ఈగలయ్యాయి. 4 ఏమీ కాలేదు. మూడింటి నుంచి మాత్రం ఈగకు బదులు సన్నటి నల్ల కందిరీగ వచ్చింది. వెనక కాలు చూడాలి, నలుపు, తెలుపు, ఎరుపు మూడు పట్టీలు వేసి రంగులద్దినట్టు! డిప్లాజాన్ లేటటోరియస్. దాదాపు ప్రపంచమంతా ఉన్న జాతి ఇది. సిర్ఫిడ్ గుడ్డులోనో అప్పుడే పుట్టిన పిల్లలోనో తన గుడ్డు పెడుతుంది. ఆ పిల్ల మామూలుగానే పెరుగుతుంది, పేనును తింటూనే ఉంటుంది, ప్యూపా కూడా అవుతుంది. బయటికి వచ్చేది మాత్రం కందిరీగ.

ఖాళీ పెంకులు రెండు రకాలుగా కనపడ్డాయి. ఈగ వచ్చినదానికి ముందు వైపు మూత తెరిచినట్టు విడిపోతుంది. కందిరీగ వచ్చినదానికి కొరికిన బెజ్జం. ఇది రాసుకున్నాను. రాసుకుని కూడా అక్షింతల డొల్లలకు దీన్ని వర్తింపజేయాలని నాకు తట్టలేదు. రెండు నెలలు పట్టింది.

డిసెంబరు 8

జొన్న ఆకు అడుగున పసుపు పేను, సుడిలో నీలిపచ్చ పేను. కుసుమ కొమ్మలు లేచాయి, కొసల్లో నల్ల పేను మొదలైంది. అక్షింతలు ఇప్పుడు మూడు రకాలు. కీలోమినస్‌తో పాటు, ఎర్రటి ఒంటి మీద నల్ల అడ్డపట్టీలున్న కాక్సినెల్లా ట్రాన్స్‌వర్సాలిస్ బాగా పెరిగింది. మూడు నిలువు చారల చిన్నది బ్రూమాయిడిస్. జొన్నలో 30 మొక్కలకు 34 పెద్దవి. పొద్దున మంచులో కదల్లేక ఆకు ఒడిలో గుంపులుగా ఉంటాయి కాబట్టి ఇప్పుడు లెక్క తేలిక.

డిసెంబరు 22

ఇవాళ్టిది ఒక్కటే రాస్తాను.

కుసుమ కొమ్మ మీద ఒక కాక్సినెల్లా అదే చోట ఉంది. పోయిన వారమూ అక్కడే చూశానేమో అనిపించి పుల్లతో మెల్లగా తోశాను. కదల్లేదు, పడిపోనూ లేదు. కొమ్మను వంచి కింది నుంచి చూస్తే, దాని ఆరు కాళ్ల మధ్య గోధుమరంగు పట్టుగూడు, బియ్యపు గింజంత. కాళ్లు ఆ దారాల్లో చిక్కుకుని ఉన్నాయి. భూతద్దం దగ్గరికి తెచ్చాను. పురుగు చావలేదు! మీసాలు సన్నగా వణుకుతున్నాయి. చీమ ఒకటి దగ్గరికి రాగానే ఒళ్లంతా ఒక్కసారి అదిరింది. చీమ పక్కకు తప్పుకుంది.

ఇది డైనోక్యాంపస్ కాక్సినెల్లే అనే కందిరీగ పని. ఎన్నో ఏళ్లుగా పాఠంలో చెప్పినది, చేతికందేంత దూరంలో చూడడం ఇదే మొదలు. ఈ కందిరీగల్లో దాదాపు అన్నీ ఆడవే, మగ తోడు లేకుండానే సంతానం. పొట్టను కాళ్ల కిందుగా ముందుకు వంచి, సూదిని ఈటెలా పట్టుకుని, నడుస్తున్న అక్షింతను వెంటాడి పొడుస్తుంది. లోపల పిల్ల మూడు వారాల దగ్గరగా పెరుగుతుంది. ఆ తర్వాత పొట్ట కొస నుంచి బయటికొచ్చి, అక్షింత కాళ్ల మధ్యే గూడు అల్లుకుంటుంది. తనను తిన్నవాడికే కాపలా కూర్చుంటుంది పాపం ఆ పురుగు. 2011లో మాంట్రియల్ పరిశోధకులు ఒక అమెరికా అక్షింత జాతిలో చూశారు: బతికున్న అక్షింత కింద ఉన్న గూళ్లను అల్లిక రెక్కల పురుగు పిల్లలు తక్కువగా తిన్నాయి. కందిరీగ వెళ్లిపోయాక ఆ అక్షింతల్లో నాలుగో వంతు తిరిగి కోలుకున్నాయి కూడా. కందిరీగ గుడ్డుతో పాటు వెళ్లే ఒక వైరస్ అక్షింత మెదడుకు చేరుతుందని 2015లో తేలింది. ఆ వణుకుకు కారణం అదే కావచ్చు.

కొమ్మను తెంపలేదు, ఎర్ర దారం కట్టి వచ్చాను.

డిసెంబరు 29

కొమ్మ మీద గూడు ఖాళీ, పురుగు ఎండిపోయి అలాగే ఉంది. ఇలాంటివి ఈ వారం ఇంకా 4 దొరికాయి. ఇంటికి తెచ్చాను, ఒక్కటీ కోలుకోలేదు.

జనవరి 5

జొన్న నుంచి పోయిన వారం తెచ్చిన ప్యూపా ఒకటి తాకినా దండం పెట్టలేదు. రంగు మామూలు కంటే నల్లగా ఉంది. నిన్న రాత్రి పేపర్లు దిద్దుతూ మధ్యలో నాళిక వైపు చూశాను. ప్యూపా వీపు మీద ఒక చుక్క తెరుచుకుని, అందులోంచి మీసాలు బయటికి వచ్చాయి. తర్వాత తల. అక్షింత కాదు, చిన్న కందిరీగ. ఒంటిని లాక్కుని బయటపడి, కాళ్లతో రెక్కలు దువ్వుకుంది. దాని వెనకే, అదే బెజ్జం నుంచి ఇంకోటి. అలా ఒకదాని వెనక ఒకటి, మొత్తం 11. ఒక్క అక్షింత ప్యూపాలో పదకొండు! పిల్లలకు ఫోనులో వీడియో పంపితే "మేడం, బస్సు దిగుతున్నట్టు దిగుతున్నాయి" అని రాశారు. అక్క వీడియో చూసి ఊమైజస్ స్కాలారిస్ అయ్యుంటుందంది, యూలోఫిడే కుటుంబం.

అన్నీ వెళ్లాక డొల్లను భూతద్దం కింద పెట్టాను. గుండ్రటి బెజ్జం, మేకుతో కొట్టినట్టు, ఒకే ఒక్కటి. పక్కన మామూలు డొల్ల పెట్టాను, అక్షింతే పుట్టి వెళ్లినది. అది తల వైపు వీపు మీద నిలువునా పగిలి, చీలిక అంచులు విచ్చుకుని ఉంది.

అప్పుడు గుండె గుభేలుమంది. జులై నుంచి నేను పుస్తకంలో టేపు వేసి అంటించినవన్నీ ఖాళీ డొల్లలే. ఎలా ఖాళీ అయ్యాయో చూడలేదు.

జనవరి 12

వారమంతా రాత్రిళ్లు పాత పేజీలే తిరగేశాను. టేపు మీంచే భూతద్దంతో ప్రతి డొల్లా. ఆగస్టువి 23 ఉంటే బెజ్జం ఉన్నవి 2. అక్టోబరువి 17లో 5. డిసెంబరువి 41లో 9. జనవరి రెండు వారాలవి 38లో 21.

నేను పుట్టినట్టు రాసుకున్న అక్షింతల్లో అంత భాగం పుట్టనే లేదు. పైగా పెరిగిన తీరు చూడండి. పేనుబంక డిసెంబరు మొదట్లో పెరిగింది, అక్షింతలు రెండు వారాల వెనక, బదనికలు ఇంకో మూడు వారాల వెనక. ప్రతిదీ తన తిండి పెరిగాక పెరిగింది. ఇది నా ఒక్క చేను లెక్క, ఒక్క ఏడాది లెక్క. దీని మీద సిద్ధాంతం కట్టను. కానీ గళ్లు తప్పుగా గీస్తే కష్టపడి నింపినా కాకిలెక్కే అవుతుందని నాకు బాగా అర్థమైంది. ఇవాళ్టి నుంచి ఖాళీ డొల్ల గడిని రెండు చేశాను: "చీలింది", "బెజ్జం".

జొన్న ఆకు మీద ఇంకో రకం కూడా దొరికింది. పిల్ల పురుగే గట్టిపడి, ఉబ్బి, తోలుసంచిలా ఆకుకు అతుక్కుపోయింది. మీద మూడు బెజ్జాలు. పిల్ల దశలోనే పట్టే హోమలోటైలస్ అనే బదనిక పని. పోయినేడు ఇలాంటివి చూసి మందుకు మాడిపోయినవి అనుకున్నట్టు నాకు లీలగా జ్ఞాపకం.

జనవరి 19

పండక్కి ఊళ్లోనే ఉన్నాను. భోజనాలయ్యాక పుస్తకం తీసి చిన్నాయనకు చూపించాను. భూతద్దం ఆయన చేతికే ఇచ్చాను. చాలాసేపు మాట్లాడలేదు. ఒక్కో డొల్ల మీదా గోరు పెట్టి "ఇది చీలింది, ఇది బెజ్జం, ఇది బెజ్జం" అనుకుంటూ పోయాడు. తర్వాత, "తాడిని తన్నెటోడుంటె వాని తలదన్నెటోడుంటడు" అన్నాడు.

పోయిన యాసంగిలో జరిగింది ఇదేనని నేను చెప్పలేదు. అప్పటి డొల్లలు నా దగ్గర లేవు. మందు కూడా చంపుతుందని సెప్టెంబరు పేజీ చూపించాను, అది దాచడం న్యాయం కాదు. ఈసారి మాత్రం పక్క చేనులో కుసుమకు మందే పడలేదు. అయినా 30 మొక్కలకు 40 దాటిన అక్షింతలు ఇవాళ 15కు దిగాయి. ఈ లెక్క ఆయన ముందు పెట్టాను, అంతే.

సాయంత్రం చిన్నమ్మ సకినాలు పొట్లం కట్టి పక్క చేను వాళ్లింటికి పంపింది. ఎవరు చెప్పారో నేను అడగలేదు.

జనవరి 26

పిల్లల్లో ఒకడు మంచి ప్రశ్న వేశాడు. "మేడం, బెజ్జం పెట్టేవాటిని ఏరి చంపేస్తే అక్షింతలు పెరుగుతాయి కదా?"

కాగితం మీద అంతే. ప్రయోగశాలలో అక్షింతల్ని పెంచి పొలాలకు వదిలేచోట నిజంగానే ఆ పని చేస్తారు. అక్కడ ఒక్క బదనిక దూరితే పెంపకం మొత్తం కూలిపోతుంది. వేరే దేశం నుంచి మిత్ర పురుగును తెచ్చినప్పుడు కూడా విడిగా ఒక తరం పెంచి, దాని బదనికలు వెంట రాకుండా చూసుకుంటారు. పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి వచ్చింది, అప్పటి నుంచి మన దగ్గరే స్థిరపడింది.

చేనులో సంగతి వేరు. ఊమైజస్‌కు దగ్గరి చుట్టం, అదే కుటుంబంలోని పీడియోబియస్, మా చిన్నమ్మ వంకాయ చెట్ల మీది ఎపిలాక్నా పిల్లల్ని లోపలి నుంచి తినేస్తుంది. దాన్ని 1966లో మన దేశం నుంచి అమెరికా తీసుకెళ్లారు, అక్కడ చిక్కుడును తినే పెంకు పురుగు మీదికి వదలడానికి. ఊమైజస్‌కు పేనును తినే అక్షింత, పీడియోబియస్‌కు ఆకును తినే ఎపిలాక్నా, రెండింటికీ అది తమ పిల్లల్ని పెంచుకునే చోటే. చెడ్డ అక్షింత, మంచి అక్షింత అన్న తేడా మనది. ఈ చిన్న కందిరీగల్ని చంపే మందు ఏదైనా రెండింటినీ కలిపే చంపుతుంది, పేనును తినే మిగతావాటినీ చంపుతుంది. నేనైతే ఒక్కదాన్నీ ఏరను. ఆ మాటే వాడికి చెప్పాను. నాళికల్లో పుట్టిన కందిరీగల్ని కూడా సారా సీసాలో అన్నీ వేయలేదు. జాతికి నాలుగు ఉంచుకుని మిగతావి గట్టు మీద వదిలేశాను.

చేయగలిగింది బొబ్బర్ల దగ్గర ఉంది. ఒకేసారి గట్టంతా విత్తితే పేను ఒకేసారి వస్తుంది, అక్షింతలూ ఒకేసారి, బదనికలూ ఒకేసారి, ఆపైన అంతా ఖాళీ. గట్టును నాలుగు ముక్కలు చేసి, పదిహేను రోజులకొకటి విత్తితే ఎప్పుడూ ఎక్కడో ఒకచోట లేత కాడ, దాని మీద కాస్త పేను, దాన్ని తినే నాలుగు అక్షింతలు ఉంటాయి. ఇది పనిచేస్తుందో లేదో వచ్చే వానకాలం చూడాలి. చిన్నాయన గింజలు పక్కన పెడతానన్నాడు.

ఫిబ్రవరి 16

కుసుమ పూత అయిపోయి ముళ్లు గట్టిపడ్డాయి, లెక్కపెట్టే చేతులకు గాయాలు. పేను లేదు. అక్షింతలు 30 మొక్కలకు 3. ఈ వారం దొరికిన డొల్లలు 9, బెజ్జం ఉన్నవి 6. జొన్న కంకులు పాలు దాటాయి, పిట్టల కాపలా మొదలైంది.

మార్చి 9

జొన్న కోత అయింది. చొప్ప మోపులు కట్టేటప్పుడు మోపుల సందుల్లో కీలోమినస్ పెద్దవి కొన్ని నక్కి ఉన్నాయి. తాకితే కాళ్లు ముడుచుకుని, మోకాళ్ల దగ్గర పసుపు చుక్క కార్చాయి. ఎండాకాలం ఎక్కడ గడుపుతాయో చూడాలని బావి దగ్గరి గడ్డి, వయ్యారిభామ పొదలు రెండు లెక్కలోకి చేర్చాను.

మార్చి 16

పొద్దున చిన్నాయన ఫోను. ఎప్పుడూ పైపు పగిలిందనో కరెంటు లేదనో చేస్తాడు. ఇవాళ, "బిడ్డా, మోటరు రూము తలుపు మీద ఒకటి మూట పట్టుకోని కూసున్నది. కదుల్తలేదు గని మీసాలు ఊపుతుంది. సున్నం డబ్బ కడిగి అండ్ల పెట్టిన, మూతకు బెజ్జాలు గొట్టిన. జల్ది రా" అన్నాడు.

మధ్యాహ్నానికి వెళ్లాను. కాక్సినెల్లాయే, గూడు ఇంకా పగల్లేదు. బొబ్బర్ల గట్టు మీద మిగిలిన పచ్చి కాడ ఒకటి వెతికి, పేనుతో సహా డబ్బాలో పెట్టాం. కోలుకుంటే తినడానికి ఏదైనా ఉండాలి కదా అన్నాడు చిన్నాయన. డబ్బా ఆయన మంచం పక్క గూట్లోనే ఉంది.